పెద్దమ్మ వంతు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు అంటిస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబర్లు నేను ఎత్తను. తెలిసిన నంబర్లు ఎత్తడానికే నాకు కొంత ధైర్యం కావాలి. ఆ రోజు ఎందుకో ఎత్తాను. అవతల ఒక అమ్మాయి నవ్వుతున్న గొంతుతో మా పెద్దమ్మ పేరు చెప్పి, ఆమెతో మాట్లాడాలంది. ఏదో హాలిడే క్లబ్బట. రెండున్నరేళ్ల కిందట మా ఇంటిల్లిపాదీ వాళ్ల మీటింగుకు వెళ్లినప్పుడు, తనకు ఫోన్ లేదని పెద్దమ్మ ఫారంలో నా నంబరు రాయించింది.

"ఆమె లేరండీ" అన్నాను.

"ఎప్పుడుంటారు మేడం? మళ్లీ ఎప్పుడు చేయమంటారు?"

పెద్దమ్మ పోయి ఐదు నెలలు. ఆ ఒక్క ముక్క చెప్పలేక "తెలియదండీ" అని ఫోన్ పెట్టేశాను. ఇంటికి వచ్చి డైరీ తెరిస్తే ఆ తేదీ కింద ఏమీ రాయబుద్ధి కాలేదు. ఆ అమ్మాయికి చెప్పవలసింది చాలా ఉందనిపించింది. అదే ఇది.

పెద్దమ్మ అంటే మా బాపు వాళ్ల అన్న భార్య. ఉప్పుగూడలో మా ఇంట్లోనే, వీధి వైపు గదిలో ఉండేది. స్టేషన్ దగ్గర కాబట్టి రైలు పోయినప్పుడల్లా ఆ గది కిటికీ రెక్కలు సన్నగా వణికేవి. ఆమెకు గడియారంతో పని లేదు. లోకల్ రైళ్లను బట్టి అమ్మకు టైం చెప్పేది. రైలు ఆలస్యమైన రోజు మా ఇంట్లో అన్నం కూడా ఆలస్యమయ్యేది.

మనిషి పొట్టి. నడక మాత్రం వేగం. ఏదైనా ఆలోచిస్తుంటే కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద ఎక్కుతూ దిగుతూ ఉండేది. తిథులు లెక్కపెట్టే అలవాటు అలా మిగిలిపోయింది. ఆ వేలు ఆగిందంటే ఆమె ఒక నిర్ణయానికి వచ్చినట్టు. మేమంతా ఆ వేలు వైపు చూసేవాళ్లం.

ఆమె నోట రోజుకు పదిసార్లు వినిపించే మాట "ఎవరి వంతు?" నల్లా వచ్చినప్పుడు బిందెల దగ్గర, టీవీ రిమోట్ దగ్గర, ఆటోలో కిటికీ పక్క సీటు దగ్గర, అన్నిచోట్లా అదే ప్రశ్న. తన వంతు కోసం కొట్లాడే మనుషులను చాలామందిని చూశాను. ఎదుటివాళ్ల వంతు కోసం కొట్లాడే మనిషిని ఆమెనొక్కతెనే చూశాను. కూరగాయల బండి దగ్గర ఎవరో పిల్ల నోరు లేక వెనకబడితే "భాయ్, పహ్లే ఇస్కీ బారీ" అని దాన్ని ముందుకు నెట్టేది. ఒకసారి జ్వరంతో యాకుత్‌పురాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పెద్దావిడ కదా అని కాంపౌండరు ముందే పిలిచాడు. పెద్దమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"నా వంతు రాలే. గా బుర్ఖా ఆమె నాకంటే ముందుగాల వచ్చింది. ఒళ్లో పసిపిల్ల గూడ ఉన్నది. నేనెట్ల పోత?"

"అమ్మా, నీకు నూటరెండున్నది."

"జ్వరానికి వంతు తెల్వదు బాబూ. నాకు తెలుసు."

ఇంకో అరగంట అలాగే కూర్చుంది.

నేను డైరీ రాస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. ఏం రాస్తున్నావని అమ్మ అడిగేది, ఎందుకు రాస్తున్నావని బాపు అడిగేవాడు. పెద్దమ్మ ఆ రెండూ అడిగేది కాదు. పడుకోబోయే ముందు నా గది వైపు తల పెట్టి "ఈ దినం నేను ఎన్ని లైన్లొచ్చిన?" అనేది. మూడు అంటే "గంతేనా? రేపు జర లొల్లి చేస్త" అని వెళ్లిపోయేది. చుట్టాలు వస్తే నేను లోపలికి పారిపోయేదాన్ని. ఎవరైనా "ఏందమ్మా, పిల్ల మాట్లాడది?" అని సాగదీస్తే ఆమె ఊరుకునేది కాదు. "మా బిడ్డ మాటలు దాచుకుంటది. మీరు తెచ్చినయి దాచుకునేటట్టు లేవేమో" అనేది. ఆ చుట్టాలు మళ్లీ అడగలేదు.

వంతు అన్న మాట ఆమెకు గుడి నుంచి వచ్చింది. పురానాపూల్ దగ్గర ఒక చిన్న గుడికి మా ముత్తాత కాలం నుంచి మా వంశంవాళ్లే అర్చకులు. అన్నదమ్ములు పెరిగినకొద్దీ ఏడాదిని పంచుకున్నారు. ఎవరి వంతు నడుస్తుంటే గుడి తాళాలు వాళ్ల దగ్గర ఉంటాయి. గర్భగుడిలోకి గానీ, నైవేద్యం వండే వంటింట్లోకి గానీ వాళ్లు తప్ప ఇంకొకరు అడుగు పెట్టకూడదు. అన్న వంతులో తమ్ముడు కూడా గడప ఇవతల నిలబడి దండం పెట్టుకోవలసిందే. పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు వంతు ఏడాదికి నలభై రోజులు. ఆ నలభై రోజులూ పెద్దమ్మ గుడి పక్క గదిలోనే ఉండి, తెల్లవారకముందే తానం చేసి పులిహోర, దద్ధోజనం వండేది. చిన్నప్పుడు ఆ వంటింటి గడప ఇవతల కూర్చుని ఆమెను చూసేదాన్ని. అక్కడ ఆమె వేరే మనిషి. ఇంట్లో ఎవరో ఒకరి మాట వినే ఆడమనిషి, అక్కడ ఎవరి మాటా వినేది కాదు. దేవుడి ఆకలికి ఆమెదే పూచీ.

నాకు పదేళ్లప్పుడు పెద్దబాపు పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆడవాళ్లకు వంతు రాదు. అందుకని అది మా బాపుకు వచ్చింది. బాపు కరెంటు ఆఫీసులో గుమాస్తా, మంత్రాలు మరిచిపోయి చాలా ఏళ్లయింది. వాళ్ల చిన్నాయన కొడుకులు కాగితం రాసుకుని వస్తే వరండాలో నిలబడే సంతకం పెట్టి వంతు వాళ్లకు ఇచ్చేశాడు. ఆయన దృష్టిలో ఒక భారం దిగిపోయింది. పూజకు ఒక మనిషిని పెట్టుకుని ఉంటే నైవేద్యం పెద్దమ్మే వండుకుని ఉండేది. లోపలి గదిలో ఉన్న ఆమెను ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం ఆమె గుడి ఇత్తడి గిన్నెలన్నీ చింతపండు వేసి తోమింది. ఆరబెట్టి, తుడిచి, పొద్దున వాళ్లకు ఒక్కొక్కటే చూపించి అప్పజెప్పింది. తర్వాత పదిహేనేళ్లు ఆ సంగతి ఆమె నోట వినలేదు. మొదట విన్నది బంజారాహిల్స్‌లో, ఏసీ హాల్లో.

బాపు ఏదో మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపాడు. మీకు బహుమతి వచ్చింది, కుటుంబంతో సహా రండి, భోజనం ఉచితం అని ఆ హాలిడే క్లబ్ నుంచి ఫోన్ వచ్చింది. బాపుకు రిటైర్మెంట్ ఇంక ఒక్క ఏడాది. మేమంతా కలిసి ఎక్కడికైనా వెళ్లడమంటే పొద్దున గుట్ట మీద గుడికి పోయి సాయంత్రానికి తిరిగి రావడమే. పెళ్లయిన దగ్గర్నుంచి, నన్ను కన్న పదకొండు రోజులు తప్ప, అమ్మ పొయ్యి ముట్టించని రోజు లేదు. ఆఫీసులో ఎవరో అందులో వాటా కొన్నారట, ఏడాదికో వారం ఊటీలోనో కొడైకెనాల్‌లోనో ఉండి వస్తున్నారట. బాపు ఆ మాట చెబుతుంటే అమ్మ బియ్యం ఏరడం ఆపి విన్నది.

"భోజనం ఉత్తగ పెడ్తున్నరంటే పైసలు ఎవరో ఇచ్చిన్రన్నట్టు" అంది పెద్దమ్మ. "ఎవరో చూసొద్దాం, పదండ్రి."

హాల్లో గుండ్రటి బల్లలు, కుటుంబానికొక బల్ల. గోడల నిండా కొండల ఫోటోలు, బీచ్‌ల ఫోటోలు. ఏ బల్ల దగ్గరైనా ఒక కుటుంబం సంతకం పెట్టిందంటే మూలనున్న ఇత్తడి గంట కొట్టేవాళ్లు, అందరూ చప్పట్లు చరిచేవాళ్లు. అది మాకు తెలియదు. మొదటిసారి గంట మోగగానే పెద్దమ్మ చటుక్కున లేచి నిలబడి, కళ్లు మూసుకుని చేతులు జోడించింది. కళ్లు తెరిచి చుట్టూ చూసి "గంట కొట్టిన్రు, హారతేది?" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బల్ల కిందికి దూరిపోదామనుకున్నాను.

మా బల్లకు వచ్చిన కుర్రాడు టై కట్టుకుని, చాలా మర్యాదగా ఉన్నాడు.

"సింపుల్ ఆంటీ. ఏడాదికి ఒక వారం మీది. ఇరవై ఐదేళ్లు మీదే."

"అంటే వంతు" అంది పెద్దమ్మ.

"సారీ ఆంటీ?"

"వంతు బాబూ. బారీ. ఏడాదికి ఏడు దినాల బారీ."

"ఆఁ, కరెక్ట్ ఆంటీ! బారీయే!"

తెలియని ఊళ్లో తెలిసిన మొహం కనబడినట్టు పెద్దమ్మ మొహం విప్పారింది. కుర్చీ ముందుకు లాక్కుంది. బొటనవేలు కణుపుల మీద కదలడం మొదలైంది.

"ఏడాదికి యాభై రెండు వారాలు. ఒక్క గదికి మాతోని కలిపి యాభై రెండు వంతులు. మిగిలిన యాభై ఒక్కరు ఎవరు బాబూ?"

"వేర్వేరు ఊళ్లవాళ్లు ఆంటీ. మీరు వాళ్లను కలిసే పనే ఉండదు."

"కలవకుంటే ఎట్ల? మా ముందటి వంతాయన ఏం విరగ్గొట్టిండో, ఏం అప్పజెప్పిండో ఎవరు చూస్తరు?"

"స్టాఫ్ చూసుకుంటారు ఆంటీ."

"చూసుకున్నందుకు ఏడాదేడాది మేము కట్టాలె."

"చిన్న మెయింటెనెన్స్ అంతే ఆంటీ."

"వంతుకు పోయినా, పోకపోయినా?"

అతను బాపు వైపు చూశాడు. బాపు బల్ల మీది ఫోటోల ఆల్బం వైపు చూశాడు.

"మరి ఎండకాలం సెలవుల వంతు, దసరా సెలవుల వంతు ఎవరికి?"

"అది రెడ్ సీజన్ ఆంటీ. దానికి ప్యాకేజీ కొంచెం వేరే."

"పండుగ వంతు పెద్దన్నకు, ముసురు వంతు చిన్నోనికి" అంది పెద్దమ్మ, మాతో. "అంతట గిట్లనే ఉన్నట్టుంది." మళ్లీ అతని వైపు తిరిగింది. "ఇరవై ఐదేండ్లంటే నాకు తొంభై ఏడు. నన్ను ఇడ్సిపెట్టు. మా బిడ్డ ఇది, దీనికి యాభై. వంతు దీనికొస్తదా? ఆడపిల్లకు?"

"తప్పకుండా ఆంటీ. ఎవరి పేరు రాస్తే వాళ్లకు. ఆడా మగా తేడా లేదు."

పెద్దమ్మ వేలు ఆగింది.

"గదొక్కటి మాత్రం మంచిగ రాసిన్రు బాబూ" అంది. నవ్వలేదు.

తర్వాత ఎక్కడ తీసుకోవాలన్న మాట వచ్చింది. బాపు ఊటీ అన్నాడు, కాసేపటికి కొడైకెనాల్ అన్నాడు, మళ్లీ ఊటీకే వచ్చాడు. నన్నడిగితే తల ఊపాను, ఎటు ఊపానో నాకే తెలియదు. పెద్దమ్మ "కాశీల ఉన్నదా?" అని అడిగి, లేదంటే పెదవి విరిచింది. అమ్మ ఆల్బం ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పుతోంది.

మేనేజరు వచ్చాడు. ఈ రేటు ఈ ఒక్క రోజే అన్నాడు. వెనక గంట మళ్లీ మోగింది, చప్పట్లు. బాపు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆగయ్యా" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "సంతకం పెట్టే ముందర ఇంట్ల ఆడోళ్లను ఒక మాట అడగాలె. ఇంకోసారి గూడ గట్లనే పెడ్తవా?"

ఇంకోసారి గూడ. ఆ రెండు మాటలు టై కట్టిన కుర్రాడికి అర్థం కాలేదు. మేనేజరుకూ కాలేదు. బాపు చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మీద పెట్టిన పెన్ను అలాగే కాసేపు ఉంచి, క్యాపు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఆలోచించి చెప్తాం" అన్నాడు.

ఆ కుర్రాడు లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. పెద్దమ్మ అతన్ని "నువ్వు తిన్నవా బాబూ?" అని అడిగింది. లేదన్నాడు. "పో, తిను. గంట కొట్టకుంటె అన్నం పెట్టరా ఏంది నీకు?" అంది. లిఫ్టు ఎక్కబోతుంటే ఒకామె పరుగున వచ్చి, ఆల్బం ఇచ్చేయండి మేడం అని అమ్మను అడిగింది. ఒళ్లో పెట్టుకున్నది చంకలో పెట్టుకుని వచ్చేసిందని అమ్మకే తెలియదు.

తర్వాత నాలుగు రోజులు అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గిన్నెలు మాట్లాడాయి. ఐదో రోజు నేను ఆమె పక్కన నిలబడి కడిగిన కంచాలు తుడుస్తుంటే, నా వైపు చూడకుండానే అంది.

"ఒకరు ఊటీ అన్నరు, ఒకరు వద్దన్నరు. ఇద్దరి లొల్లి ఇద్దరు చేసుకున్నరు. ఇంట్ల ఆడోళ్లను అడగాలె అని మీ పెద్దమ్మ అంత మాటన్నది గదా. ఆమె గూడ నన్నడగలే."

తల తిప్పేసరికి పెద్దమ్మ ఆరిన బట్టలు చేతిలో పట్టుకుని నడవలో నిలబడి ఉంది. విన్నది. తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ పూట అన్నానికి రాలేదు.

మా పెద్దమ్మ ఎవరికీ భయపడదని నేను డైరీలో చాలాసార్లు రాశాను. కానీ ఆమె ఏమిటో నాకు తెలిసింది మర్నాడు పొద్దున. మొదటి లోకల్ పోయింది. అమ్మ పాలు కాస్తోంది. పెద్దమ్మ వచ్చి, వంటింటి లోపలికి రాకుండా, గడప ఇవతలే నిలబడింది.

"చెల్లె, తప్పయింది నాది."

"ఏందక్కా పొద్దుపొద్దుగాల, లోపలికి రా."

"రాను. ఇది నీ వంతు. మొన్న నేను మీ ఆయనకు చెప్పిన మాట నాకు నేను చెప్పుకోలే. ఇప్పుడు అడుగుతున్న. నీకు ఎక్కడికి పోవాలని ఉన్నది?"

"నేనెక్కడ పోతక్కా? పొయ్యి ఎవరు చూస్తరు?"

"పొయ్యి ముచ్చట నేనడగలే. ఎక్కడికి అని అడిగిన."

అమ్మ గ్యాస్ తగ్గించింది. గరిటెతో పాలు తిప్పుతూ ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు.

"పొద్దుగాల లేవంగనె ఎవరన్న చాయ్ నా చేతికియ్యాలె" అంది చివరికి. "గంతే. ఏ ఊరైతేంది?"

పెద్దమ్మ బొటనవేలు కణుపుల మీద నడిచింది. ఆగింది.

"మాఘమాసం, పంచమి నుంచి ఏడు దినాలు. గా ఏడు దినాలు ఈ వంటిల్లు నా వంతు. నువ్వు, బిడ్డ పోండ్రి."

"నేను?" అన్నాడు గుమ్మం దగ్గర పేపరు పట్టుకున్న బాపు.

"నువ్వింట్లనే ఉంటవు. నా చేతి వంట తింటవు. బిందెలు పడ్తవు."

బాపు పేపరు మడిచాడు. ఆ వారమంతా ఫోన్ పట్టుకుని గది కోసం వెతికాడు. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో దొరికింది. డబ్బు కట్టే ముందు వంటింటి దగ్గరికి వచ్చి అమ్మను అడిగాడు: "కిటికీ చెట్ల దిక్కు కావాల్నా, తొవ్వ దిక్కు కావాల్నా?" అమ్మ ఆయన్ని వింతగా చూసి, చెట్ల దిక్కు అంది.

వెళ్లాం. మొదటి రోజు పొద్దున తలుపు కొట్టి ఒక పెద్దాయన ట్రేలో రెండు గ్లాసుల చాయ్ తెచ్చాడు. అమ్మ అలవాటుగా "అక్కడ పెట్టండి" అని లేవబోయింది. మళ్లీ కూర్చుని "లేదు, ఇట్లియ్యండి" అని చేయి చాపింది. మంచం మీద కాళ్లు ముడుచుకుని, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, కిటికీలోంచి చెట్లు చూస్తూ తాగింది. ఆ చాయ్‌లో పాలు లేవు, అల్లం లేదు. అయినా అడుగుదాకా తాగింది.

రెండో రోజు పడుకుంది. పొద్దున పడుకుంది, మధ్యాహ్నం పడుకుంది. మా అమ్మ పగలు నిద్రపోతే ఎలా ఉంటుందో నేను అంతకుముందు చూడలేదు.

మూడో రోజు బెంగ మొదలైంది. నల్లా వచ్చే దినం, పాలవాడికి చెప్పలేదు, అక్కకు మోకాళ్లు. గదిలో అటూ ఇటూ తిరిగింది. ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చింది. చివరికి నా ఫోన్ తీసుకుని బాపుకు చేసి, పెద్దమ్మకు ఇమ్మంది. అమ్మకు ఆ నొక్కుడు సరిగా రాదు, స్పీకర్ ఆన్ అయింది.

"అక్కా, నల్లా వచ్చిందా?"

"వచ్చింది. మీ ఆయనే పట్టిండు. సగం ఒంటి మీద పోసుకున్నడు."

"మెంతికూర తెచ్చిన్రా? పోపు సన్నటి మంట మీద—"

"తెచ్చిన్రు."

"నేను రేపు వచ్చేస్తక్కా. ఇక్కడ చూసేదేం లేదు. నీకేమో మోకాళ్లు—"

"చెల్లె." పెద్దమ్మ గొంతు మారింది. "ఇప్పుడు ఎవరి వంతు నడుస్తున్నది?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"నిన్నే అడుగుతున్న. ఎవరి వంతు?"

"నీదే అక్కా."

"నా వంతుల ఇంకొకరు గడప దాటొద్దు. పదిహేనేండ్లాయె నాకు వంతు లేక. ఏడు దినాలు చేతికొచ్చింది. మూడు దినాలకే గుంజుకుంటవా?"

ఫోన్ పెట్టేసింది. అమ్మ ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. మేము పెద్దమ్మ దగ్గర్నుంచి ఏదో పుచ్చుకుంటున్నామని అప్పటిదాకా అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకున్నట్టుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, బయట రాతి అరుగు మీద కూర్చుంది. సాయంత్రం చాయ్ వచ్చేదాకా అక్కడే ఉంది. మిగిలిన నాలుగు రోజులూ ఇంటికి ఫోన్ చేయలేదు.

తిరిగి వచ్చేసరికి బాపు కొంచెం లావయ్యాడు. వంటిల్లు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంది. పెద్దమ్మ గుమ్మంలో అమ్మను నిలబెట్టి, ఒక్కో డబ్బా మూత తీసి చూపించింది. కందిపప్పు నిండుగా, చింతపండు నిండుగా, చాయ్ పత్తా నిండుగా. మేము వెళ్లేటప్పుడు సగం కూడా లేవు.

"ఎందుకక్కా ఇవన్నీ?"

"వంతు దిగేటోళ్లు దీపంల నూనె నిండ పోసి దిగాలె. మీ బావ గట్లనే చేసేటోడు." కొంగుతో చేతులు తుడుచుకుని గడప ఇవతలికి వచ్చేసింది. "ఇగో, అప్పజెప్పిన. ఇప్పుడు చెప్పు. ఎట్లుండె?"

"చాయ్ నీళ్లు నీళ్లు" అంది అమ్మ.

"మరి?"

"ఏడు దినాలు నా చేతికే వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. అమ్మ సంచి కింద పెట్టి వంటింట్లోకి అడుగు పెట్టబోయింది. పెద్దమ్మ ఆపింది.

"వచ్చే ఏడు ఎక్కడికి?"

ఏ ఊరైతేంది అంటుందని నేను అనుకున్నాను. బాపు కూడా అదే అనుకున్నట్టు అప్పుడే పేపరు విప్పుతున్నాడు.

"సముద్రం" అంది అమ్మ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

పెద్దమ్మ బొటనవేలు చూపుడువేలు మొదటి కణుపు మీద మొదలైంది. మధ్యవేలు ఎక్కింది, దిగింది, ఉంగరపువేలు చివర ఆగింది.

"దూరం. పోను రాను రెండేసి దినాలు రైలుకు, అలుపుకే పోతయి. ఏడు చాలవు" అంది. "నా వంతు పదకొండు దినాలు రాసుకో."